దొడ్డిగుమ్మం వైపు నుంచి ఎమిలీ



చావు కబురుతో మొదలుపెట్టింది ఏమిటీవిడ అనుకోకండి. ఈ కథను అక్కడినుంచి చెబితేనే బాగుంటుంది.

1886 మే 19. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హర్స్ట్ అని ఒక చిన్న ఊరు. మెయిన్ వీధిలో ఇటుకలతో కట్టిన పెద్దిల్లు, పేరున్న వకీలుగారిది. ఆయన అప్పటికే లేరు. పెళ్లి చేసుకోకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయిన పెద్దకూతురు నాలుగు రోజుల కిందట కన్నుమూసింది. యాభై అయిదేళ్లు. అంతటి ఇంటి మనిషిని వీధిగుమ్మంలోంచి, గుర్రపుబండి మీద, ఊరంతా చూస్తుండగా సాగనంపుతారని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆవిడ పేటికను దొడ్డిగుమ్మంలోంచి బయటికి తీశారు. గుర్రాల కొట్టం మీదుగా, పచ్చపూలు పూసిన పొలాలకు అడ్డంపడి శ్మశానానికి మోసుకెళ్లారు. మోసినవాళ్లు ఆరుగురు ఐరిష్ మనుషులు. ఆ ఇంట్లో తోటపనీ, గుర్రాల పనీ, పొలం పనీ చేసినవాళ్లు. వాళ్లలో పెద్ద టామ్ కెల్లీ. అతనికి ఒక చెయ్యి లేదు. వీళ్లే మొయ్యాలి, ఈ దారినే తీసుకెళ్లాలి అని ఆవిడే ముందుగా చెప్పి పెట్టింది.

ఎవరు మొయ్యాలి, ఎవరు ముట్టుకోవాలి అన్న లెక్కలు మన ఊళ్లల్లో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఊరున్న ప్రాంతమైన ఆనాటి న్యూ ఇంగ్లండ్‌లో ఐరిష్ కాథలిక్కులంటే పెద్దిళ్లవాళ్లకు చిన్నచూపు. ఆ లెక్కలన్నీ తెలిసిన ఇంటి ఆడపిల్ల చివరి ప్రయాణానికి ఎన్నుకున్న భుజాలవి.

ఆవిడ పేరు ఎమిలీ డికిన్సన్. రాసినవి దాదాపు 1,800 కవితలు. బతికుండగా అచ్చయినవి ఓ పది. అవీ ఆవిడ పేరు లేకుండానే.

ఇవాళ నేను మాట్లాడేది ఆవిడ కవిత్వం గురించి కాదు లెండి. ఆవిడ జీవితం మీద వచ్చిన నాటకాలూ, సినిమాలూ, ఒక సీరియల్ గురించి. వాటిలో ఎవరెవరు కనిపిస్తారు, ఎవరి నోటికి మాట ఇచ్చారు అన్న సంగతి. దీన్నే ఇప్పుడు వైవిధ్యం, ప్రాతినిధ్యం అంటున్నారు. ఆ మాటలు వింటే నాకెందుకో అసెంబ్లీ సీట్ల పంపకం గుర్తొస్తుంది. అందుకని వాటిని కాసేపు పక్కన పెడతాను.

ఈ ఆలోచన నాకు తట్టించింది మా చెల్లెలి కూతురు. సెలవులకు వచ్చి, మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో ఏదో చూస్తోంది. తొంగిచూస్తే పాతకాలపు గౌన్లు వేసుకున్న అమ్మాయి ఒకతి, ఈ కాలపు పాటకు గంతులేస్తోంది. ఏమిటే ఇది అంటే, "ఎమిలీ డికిన్సన్ కథ పెద్దమ్మా" అంది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి గుర్రపుబండి వచ్చింది. లోపల టోపీ పెట్టుకుని మృత్యువు. వేషం వేసింది విజ్ ఖలీఫా అనే నల్లజాతి ర్యాప్ గాయకుడు. ఇంకో దృశ్యంలో ఎమిలీ స్నేహితుల గుంపులో ఒక జపాన్ కుర్రాడు. మా పిల్ల ఫోన్ ఆపి అడిగింది: "పెద్దమ్మా, ఆ కాలంలో నిజంగా ఇలా ఉండేదా? లేకపోతే మన కోసం కలిపారా?"

మంచి ప్రశ్న. అప్పుడు నేను తడుముకున్నాను. ఇప్పుడు కాస్త చెప్పగలను.

ముందు 1976కి వెళదాం. విలియం లూస్ అనే ఆయన 'ద బెల్ ఆఫ్ ఆమ్‌హర్స్ట్' అని నాటకం రాశాడు. జూలీ హారిస్ అనే గొప్ప నటి ఎమిలీగా వేసింది. టోనీ అవార్డు వచ్చింది. ఆ నాటకంలో పాత్ర ఒక్కటే. రంగస్థలం మీద మొత్తం ఒక్క మనిషి. తెల్లగౌను, ఒంటరి గది, ప్రేక్షకులతో ముచ్చట్లు. చాలా దేశాల్లో జనం ఎమిలీని ఊహించుకునేది ఇవాళ్టికీ ఇలాగే.

ఆ నాటకంలో ఎమిలీ మనకు ఒక కేకు చెయ్యడం చెబుతుంది. బ్లాక్ కేక్ అంటారు. ఆ కొలతలు నిజంగా ఎమిలీ చేతిరాతలోనే ఉన్నాయి, హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండు పౌన్ల పిండి, రెండు పౌన్ల పంచదార, రెండు పౌన్ల వెన్న, 19 గుడ్లు, అయిదు పౌన్ల ఎండుద్రాక్ష, ఇంకా బ్రాందీ, మొలాసిస్ అనే చెరకుపాకం, జాజికాయ, లవంగాలు, దాల్చినచెక్క. వినగానే పెళ్లి వంట గుర్తొస్తుంది కదా. పందొమ్మిది గుడ్లు ఒక్కరు గిలకొట్టే పనేనా? అన్నేసి పౌన్ల పిండిలో, పాకంలో, పళ్లలో గరిటె తిప్పడానికి ఎన్ని చేతులు కావాలి? పొయ్యి ఎవరు చూశారు? బూడిద ఎవరు ఎత్తారు? ఆ శతాబ్దంలో అమెరికా వంటిళ్లకు పంచదార, చెరకుపాకం వచ్చిందే లూసియానా, క్యూబా తోటల నుంచి. ఆ తోటల్లో చెరకు నరికింది ఏళ్ల తరబడి బానిసలు. ఒక్క కేకు గిన్నెలో ఇంతమంది ఉన్నారు. నాటకంలో మాత్రం ఆవిడ ఒక్కతే.

జూలీ హారిస్ నటనను తక్కువ చేయడం లేదు. ఒక్క నటితో ఆడే నాటకానికి దాని లెక్క దానికి ఉంటుంది. కానీ ఒంటరి ఎమిలీ అన్న బొమ్మకు మనం ఎంత అలవాటు పడ్డామంటే, ఆ ఇంట్లో ఇంకెవరైనా కనిపిస్తే, "వీళ్లెక్కడినుంచి ఊడిపడ్డారు" అంటున్నాం.

2016లో టెరెన్స్ డేవీస్ 'ఎ క్వైట్ ప్యాషన్' తీశాడు. సింథియా నిక్సన్ ఎమిలీ. దీపాల వెలుగులో తీసిన ఆ గదులు చూస్తుంటే ఊపిరి బిగపడుతుంది. అందమైన సినిమా. కథ మాత్రం హాలు దాటి వంటింట్లోకి పెద్దగా పోదు. పనివాళ్లు ఉన్నారంటే ఉన్నారు.

ఇంక ఇప్పుడు చెప్పబోయే సినిమా మాత్రం రేడియోలో చెప్పడానికే పుట్టిందా అనిపిస్తుంది. 'వైల్డ్ నైట్స్ విత్ ఎమిలీ'. 2018లో మ్యాడలీన్ ఓల్నెక్ తీసింది. చాలామట్టుకు హాస్యం. ఎమిలీగా మోలీ షానన్. చివర తెరను రెండుగా చీల్చారు. ఒక పక్క చనిపోయిన ఎమిలీకి వదినగారు సూజన్ స్నానం చేయిస్తూ ఉంటుంది. రెండో పక్క ఒక చెయ్యి ఎమిలీ ఉత్తరాల మీద రబ్బరుతో చెరుపుతూ ఉంటుంది. చెరిగిపోతున్నది సూజన్ పేరే. అంతసేపూ రబ్బరు కాగితం మీద రుద్దే చప్పుడు. సర్ సర్ సర్.

ఇది కల్పన కాదండీ. సూజన్ గిల్బర్ట్ ఎమిలీకి చిన్ననాటి నేస్తం. తర్వాత అన్న ఆస్టిన్‌ను పెళ్లాడి పక్కింటికే కోడలిగా వచ్చింది. ఎమిలీ తన కవితల్లో 250కి పైగా సూజన్‌కు పంపింది. మరెవరికీ అన్ని పంపలేదు. ఆ ఉత్తరాలు చదివితే వాటిలో ఉన్నది ప్రేమ అని ఒప్పుకోక తప్పదు. ఎలాంటి ప్రేమ అన్నది ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు. ఎమిలీ పోయాక, 1890లో మొదటి సంపుటం అచ్చుకు సిద్ధం చేసినవాళ్లలో ఒకావిడ మేబెల్ లూమిస్ టాడ్. ఈవిడ ఎమిలీని ముఖాముఖి ఎన్నడూ చూడలేదు. సూజన్ భర్త ఆస్టిన్‌తో మాత్రం ఏళ్ల తరబడి సంబంధం నడిపింది. ఎమిలీ రాసిన కాగితాల మీద సూజన్ పేరున్న చోట్ల గీకేసిన, చెరిపేసిన గుర్తులు తర్వాతి కాలంలో పరిశోధకులకు దొరికాయి. చెరిపింది మేబెల్ అని చాలామంది అంటారు. ఆస్టిన్ అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరు చెరిపితేనేం, పేరు పోయింది. దాన్ని తెర మీదికి తిరిగి తెచ్చిన సినిమాను పట్టుకుని, లేనిది కలిపారు అనడం ఎలా కుదురుతుంది?

సరే, మా పిల్ల చూసిన సీరియల్‌కు వస్తాను. దాని పేరు 'డికిన్సన్'. రూపొందించింది అలీనా స్మిత్. ఆపిల్ టీవీలో 2019 నవంబరులో మొదలై 2021 డిసెంబరులో ముగిసింది. మూడు సీజన్లు, 30 భాగాలు. ఎమిలీగా హెయిలీ స్టైన్‌ఫెల్డ్, సూజన్‌గా ఎల్లా హంట్. మాట ఈ కాలపు కుర్రకారు మాట, పాటలు ఈ కాలపు పాటలు. మొదట్లో నాకు చిరాకేసింది. రెండో రోజుకు అలవాటైంది. మూడో రోజు మా పిల్ల కంటే ముందు నేనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు ఆ జపాన్ కుర్రాడి సంగతి. పాత్ర పేరు తోషియాకి, వేసింది కెవిన్ యీ. కథ మొదలయ్యేది 1850ల తొలినాళ్లలో. ఆ రోజుల్లో జపాన్‌వాడు దేశం దాటితే మరణశిక్ష. అమెరికా ఓడలు వెళ్లి ఆ తలుపు తట్టిందే 1853లో. కనుక అప్పటి ఆమ్‌హర్స్ట్ విందుల్లో జపాన్ కుర్రాడు గంతులేశాడంటే నమ్మడం కష్టం. మా పిల్ల అనుమానం నిజమే. కలిపారు.

అయితే అసలు సంగతి ఇంకోటి ఉంది. నీజిమా జో అనే జపాన్ యువకుడు 1864లో హకొదాతె రేవులో చాటుగా ఓడెక్కి, ప్రాణాలకు తెగించి దేశం దాటాడు. అమెరికా చేరి, 1867లో చేరిన కాలేజీ ఏదనుకున్నారు? ఆమ్‌హర్స్ట్ కాలేజీయే. ఎమిలీ తాతగారు స్థాపించినవాళ్లలో ఒకరు, తండ్రి దశాబ్దాల పాటు కోశాధికారిగా ఉన్న కాలేజీ. నీజిమా 1870లో పట్టా పుచ్చుకుని, జపాన్ తిరిగి వెళ్లి క్యోటోలో దోషిషా విద్యాసంస్థను స్థాపించాడు. అంటే ఎమిలీ తన గదిలో ఉన్న రోజుల్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో, ఒక జపాన్ విద్యార్థి కాలేజీ పాఠాలతో కుస్తీ పడుతున్నాడన్నమాట. ఎంత కథ ఉంది అందులో! ఆ కథను వదిలేసి, పేరుకు ఒక కుర్రాడిని గుంపులో నిలబెట్టి, నాలుగు జోకులు చెప్పించి సరిపెట్టారు. నా ఫిర్యాదు అదీ. కలిపినందుకు కాదు, వెతకనందుకు.

మృత్యువు వేషం విషయంలో నాకు రెండు మనసులు. విజ్ ఖలీఫా బాగున్నాడు, ఠీవిగా ఉన్నాడు. కానీ మొదటి సీజన్ అయిపోయాక గుర్తున్న నల్లమనిషి ఎవరా అని ఆలోచిస్తే, మృత్యువే గుర్తొచ్చింది. బతికున్నవాళ్లు ఎవరూ అంత బలంగా గుర్తురాలేదు. రాసినవాళ్లకూ ఈ వెలితి తెలిసిందో ఏమో, రెండో సీజన్లో హెన్రీ అనే పాత్రను ముందుకు తెచ్చారు. చినాజా ఊచే వేశాడు. డికిన్సన్‌ల గుర్రాల కొట్టంలో హెన్రీ, అతని స్నేహితులూ బానిసత్వానికి వ్యతిరేకంగా గుట్టుగా పత్రిక నడుపుతుంటారు. మేడ మీద ఎమిలీ, నా పేరు అచ్చులో కనబడాలా వద్దా అని నలిగిపోతుంటుంది. కింద కొట్టంలో పేరు బయటపడితే ప్రాణం పోయే మనుషులు అచ్చు అక్షరాలు పేరుస్తుంటారు. ఒకే ఆవరణ, ఒకే కాగితం, ఒకే సిరా. ఇక్కడ సీరియల్‌కు నేను దండం పెట్టాను.

హెన్రీ కల్పిత పాత్ర. ఆమ్‌హర్స్ట్‌లో నిజంగా ఒక హెన్రీ ఉండేవాడు, హెన్రీ జాక్సన్. నల్లజాతివాడు, సరుకుల బండి తోలేవాడు. 1840లో ఏంజెలీన్ పామర్ అనే అనాథ పిల్లను, పదేళ్లు దాటీ దాటని నల్లజాతి పిల్లను, పనికి పెట్టుకున్నవాళ్లు దక్షిణాదికి తీసుకుపోయి అమ్మేయబోతున్నారని తెలిసింది. ఆ పిల్ల అన్న లూయిస్ ఫ్రేజియర్, హెన్రీ జాక్సన్, విలియం జాక్సన్ ముగ్గురూ వెళ్లి ఆమెను ఎత్తుకొచ్చి దాచేశారు. ఎక్కడ దాచారో కోర్టులో చెప్పలేదు. జైలుకు వెళ్లారు. వాళ్ల తరఫున వాదించిన వకీలు ఎడ్వర్డ్ డికిన్సన్. ఎమిలీ తండ్రి. ఎమిలీకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంచుమించు ఆ ఏంజెలీన్ వయసే.

ఇంకొకటి. 1862 ఏప్రిల్‌లో ఎమిలీ తన కవితలు కొన్ని పెట్టి, వీటిలో ప్రాణముందా అని అడుగుతూ ఒక పెద్దమనిషికి ఉత్తరం రాసింది. ఆయన టామస్ వెంట్‌వర్త్ హిగిన్‌సన్. సాహిత్య చరిత్రల్లో ఈయన్ని, ఎమిలీ గొప్పతనం పట్టుకోలేకపోయిన విమర్శకుడిగా చెప్పి వదిలేస్తారు. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. అదే ఏడాది నవంబరులో హిగిన్‌సన్ దక్షిణ కరోలినా వెళ్లి, విముక్తులైన బానిసలతో కూర్చిన సైనిక దళానికి కల్నల్ అయ్యాడు. ఎమిలీ ఉత్తరం అక్కడికీ వెళ్లింది. గదిలోంచి బయటికి రాని ఆవిడ అంటాం. ఆవిడ రాత వెళ్లి చేరిన చోటు, నిన్నటిదాకా బానిసలైనవాళ్లు తుపాకీ పట్టిన సైనిక శిబిరం. సీరియల్ మూడో సీజన్లో హెన్రీని ఆ దళంలోకి పంపి, సైనికులకు చదువు చెప్పించారు. ఇది చూసి, ఈ కాలం రాజకీయం పాతకాలంలోకి దూర్చారు అన్నవాళ్లు ఆ ఉత్తరం చిరునామా ఒక్కసారి చూస్తే చాలు.

మరి వంటిల్లు? సీరియల్లో మ్యాగీ అనే ఐరిష్ పనిమనిషి ఉంది. వస్తుంది, నవ్విస్తుంది, వెళ్లిపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే.

మార్గరెట్ మాహర్, ఇంట్లో మ్యాగీ అని పిలిచేవాళ్లు, ఐర్లండ్‌లోని టిప్పరరీ నుంచి వచ్చింది. 1869లో డికిన్సన్‌ల ఇంట్లో పనికి కుదిరి, ముప్పై ఏళ్లు ఉంది. పేటిక మోసిన టామ్ కెల్లీ ఈమె అక్కచెల్లెళ్లలో ఒకరికి భర్త. ఈఫ మర్రీ అనే రచయిత్రి ఈ పనివాళ్ల గురించి ఏళ్ల తరబడి వెతికి, ఒక పుస్తకమే రాసింది. ఎమిలీ వంటింట్లో పనిచేస్తూ, చేతికందిన కాగితం మీద రాసుకునేది. కొబ్బరి కేకు కొలతలు రాసుకున్న కాగితం వెనక, చాక్లెట్ చుట్టిన కాగితం మీద కూడా రాసింది. ఇంట్లో రొట్టెలు చేసేది ఆవిడే. 1856లో ఊరి సంతలో ఆవిడ రొట్టెకు రెండో బహుమతి వచ్చింది. మ్యాగీ వచ్చాక ఆ వంటింట్లో ఇద్దరు. ఒకావిడ కవయిత్రి, ఇంకొకావిడ బట్టలుతికి, గిన్నెలు తోమి, అవతలావిడకు రాసుకునే తీరిక చేసిపెట్టిన మనిషి. చేత్తో కుట్టిన తన కవితల పొత్తాలను ఎమిలీ దాచింది ఎక్కడో తెలుసా? మ్యాగీ ఐర్లండ్ నుంచి తెచ్చుకున్న పెట్టెలో అంటారు. నేను పోయాక తగలబెట్టు అని చెప్పిందట. మ్యాగీకి చేతులు రాలేదు. ఇవాళ ప్రపంచమంతా చూస్తున్న ఎమిలీ ఫోటో ఉందే, పదహారేళ్ల వయసులో తీయించుకున్నది, అది కూడా ఇంట్లోవాళ్లకు నచ్చకపోతే మ్యాగీ దగ్గరే మిగిలిందని చెబుతారు.

సీరియల్ కథ అంతర్యుద్ధం రోజుల దగ్గరే ఆగిపోతుంది కనుక ఆ పెట్టె దాకా వెళ్లదు. ఒప్పుకుంటాను. కానీ 1869లో రావలసిన మనిషిని పదిహేనేళ్లకు పైగా ముందుకు లాక్కొచ్చినవాళ్లు, ఆవిడకు నవ్వు తప్ప ఇంకేదైనా ఇచ్చి ఉండాల్సింది.

మనకూ ఒక కవయిత్రి మీద సినిమా ఉంది. 1970లో పద్మనాభంగారు తీసిన 'కథానాయిక మొల్ల'. వాణిశ్రీ మొల్ల. మొల్ల తన రామాయణంలో తండ్రి కేసన పేరు చెప్పుకుంది, గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుణ్ణి తలుచుకుంది. కులం చెప్పుకోలేదు. కుమ్మరి మొల్ల అన్నది లోకం, రాయలవారి సభకు నడిపించిందీ లోకమే. నన్నడిగితే సభలో ఆవిడ ఎవర్ని గెలిచిందన్నది సరే, ఆ ఇంటి సారె దగ్గర మట్టి తొక్కింది ఎవరు, ఆవం పేర్చింది ఎవరు అన్నది కూడా చూడాలని ఉంటుంది. ఇది మాటవరసకు అన్నాను. మళ్లీ ఆమ్‌హర్స్ట్ వెళదాం.

మా చెల్లెలి కూతురికి ఆ తర్వాత ఫోన్ చేసి చెప్పాను. అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబు సగం సగం. జపాన్ కుర్రాణ్ణి కలిపారు, కానీ ఆ ఊరికి జపాన్ కుర్రాడు నిజంగానే వచ్చాడు. హెన్రీని కల్పించారు, కానీ ఆ ఊళ్లో హెన్రీ నిజంగానే ఉన్నాడు. సూజన్‌ను కలపలేదు, చెరిపేస్తే తిరిగి రాశారు. మ్యాగీని చూపించారు, కానీ చూడలేదు. "అయితే ఎన్ని మార్కులు పెద్దమ్మా?" అంది. నూటికి అరవై అన్నాను. ఎమిలీ ఇల్లు అన్నిరకాల మనుషులతో నిండి ఉండేదని చూపించాలన్న తపనకు ఆ అరవై. మిగతా నలభై, దొడ్డిగుమ్మం దాకా నడిచి వెళ్లినవాళ్లకు దాచి ఉంచాను.

ఎమిలీ పుట్టి, పోయిన ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మరమ్మతులు చేసి 2022 ఆగస్టులో మళ్లీ తెరిచారు. 'డికిన్సన్' షూటింగు అయిపోయాక, సెట్ కోసం చేయించిన సామాన్లూ, దుస్తులూ ఆ మ్యూజియానికే ఇచ్చేశారు. కెమెరా కోసం చేసిన ఆ సామాను కొంత ఇప్పుడు నిజం ఇంట్లోనే ఉంది. అటువైపు వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. వెళితే మేడ మీద గది చూసి వచ్చేయకండి. వంటింటివైపు కూడా ఒకసారి వెళ్లి, మ్యాగీ ఎక్కడ పడుకునేదని అడగండి.